క్లౌడ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ నిర్వహణను చేసి నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వర్లు, నెట్‌వర్కులు, డిస్కులు, అనుమతులు, బ్యాకప్‌లు అన్నీ క్లౌడ్‌లో నడిపే పనిని కొత్తగా నేర్చుకుంటున్నవారు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. సమాధానాలన్నిటి వెనుకా ఉన్న నమ్మకం ఒక్కటే. వ్యవస్థను కట్టడం వస్తే ఈ విద్యలో సగం వచ్చినట్టు. అది పాడైనప్పుడు కంగారుపడకుండా కారణం కనిపెట్టి సరిచేయడం మిగతా సగం. ఆ రెండో సగం స్వయంగా చేసి చూస్తే తప్ప పట్టుబడదు.

వీడియో పాఠాలు శ్రద్ధగా చూస్తున్నాను. అది చాలదా?

చాలదు. పాఠం చెప్పేవారు చూపించే దారిలో ప్రతి కమాండూ సరిగ్గానే పనిచేస్తుంది, ఎందుకంటే పనిచేయని ప్రయత్నాలన్నీ రికార్డింగు నుంచి తీసేసి ఉంటారు. ఉద్యోగంలో మీకు రోజూ ఎదురయ్యేది అలా తీసేసిన భాగమే. పాఠాలు చూడవద్దని నా ఉద్దేశం కాదు. చూసిన ప్రతి గంటకూ కనీసం రెండు గంటలు స్వయంగా చేసి చూడాలనేది నా సలహా.

చేసేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంటే మంచిది. కమాండు నడిపే ముందు ఏమి జరుగుతుందని అనుకుంటున్నారో నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసుకోండి. ‘ఈ రూటు తీసేస్తే బయటి నుంచి సర్వర్‌కు దారి పోతుంది, కానీ పక్క సబ్‌నెట్‌లోని (నెట్‌వర్కులో విడదీసిన ఒక భాగం) మెషీన్ నుంచి మాత్రం వెళ్లగలను’ అన్నంత వివరంగా ఉండాలి ఆ వాక్యం. తర్వాత నడిపి చూడండి. ఊహ నిజమైతే ముందుకు వెళ్లవచ్చు, తప్పితే అక్కడే ఆగాలి, ఎందుకంటే మీకు తెలుసనుకున్నదానికీ నిజంగా ఉన్నదానికీ తేడా ఎక్కడుందో ఆ చోటే చెబుతుంది. పాఠంలోని కమాండులను వరుసగా అతికించుకుంటూ పోయేవారికి ఈ తేడా ఎప్పటికీ కంటపడదు.

మొదలుపెట్టేటప్పటికి ఏమేమి వచ్చి ఉండాలి?

లైనక్స్‌లో కమాండ్ లైన్ మీద తడబడకుండా తిరగగలగాలి. ఫైళ్లు, వాటి అనుమతులు, నడుస్తున్న ప్రాసెస్‌లు, సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను నడిపేది) సర్వీసులు, లాగ్‌లు ఎక్కడుంటాయో, వాటిని ఎలా చదవాలో తెలిసి ఉండాలి. నెట్‌వర్కింగ్‌లో ఐపీ చిరునామా, సబ్‌నెట్, పోర్టు, డీఎన్ఎస్ అనే నాలుగు మాటలకూ అర్థం తెలిస్తే మొదలుపెట్టడానికి సరిపోతుంది, లోతుపాతులు సాధనలో వాటంతట అవే వస్తాయి. బాష్‌లో గాని పైథాన్‌లో గాని చిన్న స్క్రిప్టు రాయగలిగితే మరీ మంచిది. ప్రోగ్రామర్ అయి ఉండవలసిన అవసరం మాత్రం లేదు.

సొంత కంప్యూటర్ మీదే సాధన చేయవచ్చా, క్లౌడ్ ఖాతా తప్పనిసరా?

మొదటి కొన్ని వారాలకు సొంత కంప్యూటరే మేలు. వర్చువల్‌బాక్స్‌లో రెండు మూడు వర్చువల్ మెషీన్లు పెట్టి, వాటి మధ్య నెట్‌వర్కు కలిపి, ఒకదానిలో వెబ్ సర్వర్‌నూ మరొకదానిలో డేటాబేస్‌నూ నడపడం మంచి ఆరంభం. కంటైనర్ల (ప్రోగ్రామును దానికి కావలసినవాటితో కలిపి విడిగా నడిపే పొట్లాలు) కోసం డాకర్, వాటిని పెద్ద సంఖ్యలో నిర్వహించే కుబెర్నెటిస్ కోసం కైండ్ లేదా మినీక్యూబ్, అమెజాన్ సేవలను పోలినవాటి కోసం లోకల్‌స్టాక్ ఉన్నాయి. ఇక్కడ ఎంత పాడుచేసినా బిల్లు రాదు అనే ధైర్యం నేర్చుకునేవారికి చాలా అవసరం.

సొంత కంప్యూటర్ నేర్పలేనివి కూడా ఉన్నాయి. ఎవరికి ఏ అనుమతి ఉందో నిర్ణయించే ఐఏఎమ్ వ్యవస్థ అసలు క్లౌడ్‌లో ఎంత కఠినంగా ఉంటుందో, ఒక అవైలబిలిటీ జోన్ (ఒకే ప్రాంతంలో విడిగా ఉండే డేటా సెంటర్ల సముదాయం) నుంచి మరొక జోన్‌కు డేటా కదలడానికి ఎంత ఆలస్యం అవుతుందో, గంటల లెక్కన డబ్బు ఎలా కరుగుతుందో అక్కడ తెలియదు. అందుకని పునాది ఇంట్లో వేసుకుని, ఆ తర్వాత క్లౌడ్‌కు వెళ్లాలి.

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్), అజూర్ (మైక్రోసాఫ్ట్), గూగుల్ క్లౌడ్‌లలో దేనితో మొదలుపెట్టాలి?

దేనితోనైనా మొదలుపెట్టవచ్చు, కానీ ఆరు నెలల పాటు ఆ ఒక్కదానినే పట్టుకుని ఉండండి. మూడింటిలోనూ భావనలు దాదాపు ఒకటే, పేర్లూ కొన్ని నియమాలూ మారతాయి. ఆ చిన్న తేడాలే కొత్తవారిని తికమకపెడతాయి. ఉదాహరణకు ఏడబ్ల్యూఎస్‌లో వీపీసీ (మీ సొంత ప్రైవేట్ నెట్‌వర్కు) ఒక రీజియన్‌కూ (డేటా సెంటర్లున్న ఒక భౌగోళిక ప్రాంతం), అందులోని సబ్‌నెట్ ఒకే అవైలబిలిటీ జోన్‌కూ కట్టుబడి ఉంటాయి. అజూర్‌లో వర్చువల్ నెట్‌వర్కు రీజియన్‌కు చెందినదే అయినా సబ్‌నెట్ ఆ రీజియన్‌లోని జోన్లన్నిటికీ వర్తిస్తుంది. గూగుల్ క్లౌడ్‌లో నెట్‌వర్కు ప్రపంచవ్యాప్తంగా ఒక్కటే, సబ్‌నెట్లు మాత్రం రీజియన్లవి. ఒకదానిని క్షుణ్ణంగా నేర్చుకున్నవారికి ఇవి పది నిమిషాల్లో అర్థమవుతాయి. మూడింటినీ ఒకేసారి ముట్టుకున్నవారికి ఏది ఎక్కడిదో గుర్తుండదు.

ఖాతా తెరిచిన మొదటి గంటలో ఏమి చేయాలి?

సర్వర్ సృష్టించకూడదు. ముందు రూట్ ఖాతాకు (అన్ని అధికారాలూ ఉన్న మొదటి ఖాతా) రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఆ ఖాతా పేరు మీద యాక్సెస్ కీలు (ప్రోగ్రాములు ఖాతాలోకి వెళ్లడానికి వాడే రహస్య కీలు) ఏవీ తయారు చేయకండి. రోజువారీ పనికి వేరే వినియోగదారుణ్ణి సృష్టించి, రూట్ ఖాతాను తప్పనిసరైన సందర్భాలకే వాడండి. ఆ తర్వాత బడ్జెట్ హెచ్చరిక పెట్టి, అది నిజంగా మీ మెయిల్‌కు వస్తోందో లేదో చూసుకోండి. ఈ నాలుగు పనులకు ఒక గంట పడుతుంది. పెద్ద సంస్థల్లో కొత్త ఖాతాకు చేసే మొదటి పనులు కూడా ఇవే కనుక, ఈ గంట కూడా సాధన కిందికే వస్తుంది.

అనుకోకుండా బిల్లు పెరిగిపోతుందేమోనని భయంగా ఉంది. ఎలా జాగ్రత్తపడాలి?

ఆ భయం సహజమే, కొంతవరకు అవసరం కూడా. అయితే డబ్బు ఎక్కడ కారుతుందో తెలిస్తే అది అదుపులోకి వస్తుంది. నేర్చుకునేవారి బిల్లు పెరగడానికి కారణం చాలావరకు నడుస్తున్న సర్వర్లు కావు, సర్వర్ తీసేసిన తర్వాత మిగిలిపోయిన వస్తువులు. మెషీన్‌ను ఆపినా దానికి తగిలించిన డిస్కుకు అద్దె నడుస్తూనే ఉంటుంది. స్నాప్‌షాట్లు (డిస్కు ఆ క్షణంలో ఎలా ఉందో అలా తీసిన నకళ్లు) ఎవరూ గుర్తుపెట్టుకోకుండా పోగవుతాయి. లోడ్ బ్యాలెన్సర్ (రద్దీని సర్వర్ల మధ్య పంచేది), నాట్ గేట్‌వే (ప్రైవేట్ సర్వర్లకు బయటికి దారి ఇచ్చేది) వంటివి వాటి గుండా ఒక్క బైటు వెళ్లకపోయినా గంటకు ఇంత అని వసూలు చేస్తాయి. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఏడబ్ల్యూఎస్ పబ్లిక్ ఐపీవీ4 చిరునామాలన్నిటికీ, వాడుకలో ఉన్నా లేకపోయినా, గంటల లెక్కన ధర వేస్తోంది. అజూర్‌లో మరొక మెలిక ఉంది. మెషీన్ లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే అది ఆగినట్టు కనిపిస్తుంది గాని కేటాయింపు రద్దు కాదు, కనుక బిల్లు ఆగదు. పోర్టల్ నుంచో కమాండుతోనో ‘డీఅలొకేట్’ చేసినప్పుడే కంప్యూట్ ధర ఆగుతుంది.

నేను నేర్చుకునే రోజుల్లో ఒక సాధన ముగించి వర్చువల్ మెషీన్లన్నీ తొలగించి, పని అయిపోయిందని నిశ్చింతగా ఉన్నాను. మూడు వారాల తర్వాత బిల్లు చూస్తే ఒక నాట్ గేట్‌వే అప్పటిదాకా నడుస్తూనే ఉంది. దాన్ని వేరే రీజియన్‌లో పెట్టిన సంగతి నేను మరచిపోయాను, క్లౌడ్‌ను బ్రౌజర్‌లో నిర్వహించే కన్సోల్ ఆ పేజీలో ఒక్క రీజియన్‌లోని వస్తువులనే చూపిస్తుంది కనుక అది నా కంటపడలేదు. అప్పటి నుంచి సాధన కోసం సృష్టించే ప్రతి వస్తువుకూ ఒకే ట్యాగ్ తగిలించి, సాధన ముగియగానే ఆ ట్యాగ్‌తో రీజియన్లన్నిటిలోనూ వెతికి చూసుకుంటున్నాను.

బడ్జెట్ హెచ్చరికను ఫ్యూజ్ అనుకోకండి. బిల్లు సమాచారం కొన్ని గంటలు ఆలస్యంగా చేరుతుంది, పైగా మీరు ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకుంటే తప్ప హెచ్చరిక దేన్నీ ఆపదు. ఉచిత వాడకం షరతులు కూడా మారుతూ ఉంటాయి కనుక ఎప్పుడో చదివిన వ్యాసాన్ని నమ్ముకోకుండా, ఖాతా తెరిచే రోజున ఆ సంస్థ పేజీలో ఉన్నదే చదవండి.

మొట్టమొదట కట్టవలసింది ఏమిటి?

నెట్‌వర్కు. సర్వర్‌తో మొదలుపెడితే క్లౌడ్ ఇచ్చే డిఫాల్ట్ నెట్‌వర్కులో అది కూర్చుంటుంది, అన్నీ సాఫీగా నడుస్తాయి, ఎందుకు నడుస్తున్నాయో మాత్రం తెలియదు. అందుకే ఖాళీ నెట్‌వర్కుతో ఆరంభించండి. 10.0.0.0/16 అనే చిరునామాల శ్రేణి తీసుకుని, అందులో ఒక పబ్లిక్ సబ్‌నెట్, ఒక ప్రైవేట్ సబ్‌నెట్ విడదీయండి. /24 సబ్‌నెట్‌లో 256 చిరునామాలు ఉంటాయి గాని ఏడబ్ల్యూఎస్‌లో మీకు దక్కేవి 251 మాత్రమే, ఎందుకంటే మొదటి నాలుగింటినీ చివరిదానినీ క్లౌడ్ తన కోసం ఉంచుకుంటుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ అక్కడ అనుమతించే అతి చిన్న సబ్‌నెట్ /28 తీసుకుంటే 16లో 11 మాత్రమే మిగులుతాయి, కంటైనర్లు నడిపే రోజున ఆ పదకొండూ ఉదయం గడవక ముందే అయిపోతాయి.

సబ్‌నెట్‌ను పబ్లిక్ చేసేది దాని పేరు కాదు. దాని రూట్ టేబుల్‌లో (ఏ చిరునామాకు ఏ దారిలో వెళ్లాలో చెప్పే పట్టిక) 0.0.0.0/0, అంటే మిగతా అన్ని చిరునామాలకూ వర్తించే దారి, ఇంటర్నెట్ గేట్‌వే వైపు ఉందా లేదా అన్నదే అసలు తేడా. ఈ ఒక్క వాక్యం నిజమో కాదో మీరే తేల్చుకోండి. ఆ దారిని తీసి చూడండి, మళ్లీ పెట్టి చూడండి. పబ్లిక్ సబ్‌నెట్‌లో వెబ్ సర్వర్‌ను, ప్రైవేట్ సబ్‌నెట్‌లో డేటాబేస్‌ను పెట్టి, డేటాబేస్ వరకు వెబ్ సర్వర్ ఒక్కటే వెళ్లగలిగేలా చేస్తే మొదటి సాధన పూర్తయినట్టు.

ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) సర్వర్‌లోకి వెళ్లలేకపోతున్నాను. ఎక్కడి నుంచి వెతకాలి?

తెర మీద కనిపించిన సందేశం నుంచి. చాలామంది ఆ వాక్యం పూర్తిగా చదవకుండానే సెట్టింగులు మార్చడం మొదలుపెడతారు. నిజానికి తప్పు ఎక్కడుందో సగం ఆ వాక్యమే చెప్పేస్తుంది.

‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వస్తే మీరు పంపిన ప్యాకెట్‌కు జవాబే రాలేదని అర్థం. అది దారిలో ఎక్కడో ఆగిపోయింది, లేదా జవాబు తిరిగివచ్చే దారి లేదు. అప్పుడు మెషీన్‌లోపల వెతకడం వృథా, దారిని వెతకాలి. మెషీన్‌కు పబ్లిక్ చిరునామా ఉందా, రూట్ టేబుల్‌లో బయటికి దారి ఉందా, సెక్యూరిటీ గ్రూపులో (మెషీన్ ముందుండే ఫైర్‌వాల్ నియమాలు) ఎస్ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టు మీ చిరునామాకు తెరిచి ఉందా అని వరుసగా చూడండి. నిన్న పనిచేసి ఈ రోజు ఆగిపోతే, మీ ఇంటర్నెట్ చిరునామా మారిందేమో ముందు చూడండి.

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే అది చాలావరకు శుభవార్త. ప్యాకెట్ మెషీన్ వరకు చేరింది, ఆ పోర్టులో వినేవారు ఎవరూ లేరని మెషీనే జవాబిచ్చింది. సర్వీసు నడవడం లేదు, లేదా వేరే పోర్టులో ఉంది, లేదా 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. వెబ్ అప్లికేషన్ల విషయంలో ఈ మూడోది తరచుగా జరుగుతుంది. మెషీన్‌లోపల ‘ఎస్ఎస్’ కమాండుతో వింటున్న పోర్టుల జాబితా తీస్తే 127.0.0.1:8080 అని ఉందో 0.0.0.0:8080 అని ఉందో కనిపిస్తుంది. మొదటిది ఆ మెషీన్‌కు మాత్రమే వినిపిస్తుంది, రెండోది బయటివారికి కూడా.

‘పర్మిషన్ డినైడ్’ అంటే నెట్‌వర్కుతో పేచీ ఏమీ లేదు, ఎస్ఎస్‌హెచ్ సర్వరే మీతో మాట్లాడుతోంది. తప్పు కీ వాడి ఉంటారు, లేదా తప్పు వినియోగదారు పేరు ఇచ్చి ఉంటారు. కీ ఫైలును ఇతరులు కూడా చదవగలిగేలా ఉంచితే ఎస్ఎస్‌హెచ్ ఆ కీని వాడడానికి ఒప్పుకోదు, దాని అనుమతులను యజమాని ఒక్కరే చదవగలిగేలా 600కు గాని 400కు గాని మార్చాలి.

ఇక్కడే మరొక సాధన చేసి చూడండి. ఏడబ్ల్యూఎస్‌లో సెక్యూరిటీ గ్రూపు స్థితిని గుర్తుపెట్టుకుంటుంది, అంటే లోపలికి అనుమతిస్తే జవాబును తానే బయటికి పంపిస్తుంది. సబ్‌నెట్ అంచున ఉండే నియమాల జాబితా అయిన నెట్‌వర్క్ ఏసీఎల్ అలా గుర్తుపెట్టుకోదు. ఏసీఎల్‌లో లోపలికి 22వ పోర్టు తెరిచి, బయటికి కూడా 22 మాత్రమే తెరిచి చూడండి. కనెక్షన్ రాదు, ఎందుకంటే జవాబు వెళ్లవలసింది మీ కంప్యూటర్ అప్పటికప్పుడు ఎంచుకున్న పెద్ద నంబరు పోర్టుకు. బయటికి 1024 నుంచి 65535 వరకు తెరిచిన వెంటనే దారి తెరుచుకుంటుంది. టీసీపీ కనెక్షన్‌కు రెండు కొసలుంటాయని చదివినప్పటికంటే, ఆ క్షణంలో బాగా తెలుస్తుంది.

కన్సోల్‌లో క్లిక్ చేస్తూ నేర్చుకోవాలా, మొదటి నుంచీ కోడ్‌తోనే చేయాలా?

ఏ వస్తువునైనా మొదటిసారి కన్సోల్‌లో చేయండి. ఏమేమి అడుగుతుందో, ఏది దేనితో ముడిపడి ఉందో కంటికి కనిపిస్తుంది. రెండోసారి కమాండ్ లైన్‌తో, మూడోసారి వ్యవస్థను కోడ్‌గా రాసి కట్టే టెర్రాఫామ్ వంటి సాధనంతో కట్టండి. టెర్రాఫామ్ 2014లో వచ్చింది. 2023 ఆగస్టులో దాని లైసెన్సు మారిన తర్వాత లైనక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఓపెన్‌టోఫు అనే ఓపెన్ సోర్స్ శాఖ విడిగా పెరుగుతోంది. నేర్చుకునేవారికి రెండింటి భాషా దాదాపు ఒకటే.

కోడ్‌తో కట్టేటప్పుడు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది స్టేట్ ఫైలు మీద. కోడ్‌లో రాసినదానికీ క్లౌడ్‌లో నిజంగా ఉన్నదానికీ మధ్య లెక్కల పుస్తకం అది. ఒక సెక్యూరిటీ గ్రూపును కోడ్‌తో సృష్టించి, కన్సోల్‌కు వెళ్లి అందులోని ఒక నియమాన్ని చేతితో మార్చి, మళ్లీ ‘టెర్రాఫామ్ ప్లాన్’ నడపండి. మీరు చేసిన మార్పును అది పట్టుకుని, వెనక్కి తిప్పుతానని చెబుతుంది. జట్టులో ఒకరు కోడ్‌తోనూ మరొకరు చేతితోనూ పనిచేస్తే ఏమి జరుగుతుందో ఇక్కడే తెలిసిపోతుంది. స్టేట్ ఫైలులో పాస్‌వర్డులు కూడా మామూలు అక్షరాల్లోనే కనిపించే అవకాశం ఉంది కనుక దాన్ని గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే వ్యవస్థ) పెట్టకూడదు. ఒకేసారి ఇద్దరు మార్చకుండా లాకింగ్ ఉన్న రిమోట్ స్టోరేజ్‌లో భద్రపరచాలి.

ప్రతి సాధన చివరా ‘టెర్రాఫామ్ డిస్ట్రాయ్’ నడిపి, మరునాడు మొదటి నుంచి మళ్లీ కట్టండి. ఎక్కడైనా చేతితో చేసిన పని మిగిలిపోయి ఉంటే రెండో రోజున అది బయటపడుతుంది.

యాక్సెస్ కీని పొరపాటున గిట్‌హబ్‌లో పెట్టేశాను. ఫైలు తీసేస్తే చాలా?

చాలదు. ముందు ఆ కీని రద్దు చేయండి, ఈ సమాధానం చదవడం ఆ తర్వాత ముగించవచ్చు. ఫైలును తొలగించినా పాత కమిట్‌లో కీ అలాగే ఉంటుంది, బహిరంగ రెపోజిటరీలను కీల కోసం జల్లెడపట్టే బాట్‌లు నిరంతరం తిరుగుతూనే ఉంటాయి. కీ రద్దయిన తర్వాత ఆ ఖాతాలో మీరు సృష్టించని వస్తువులేమైనా ఉన్నాయేమో రీజియన్లన్నిటిలోనూ చూడండి, ఆడిట్ లాగ్‌లో ఆ కీతో ఎవరెవరు ఏమి అడిగారో చదవండి. సర్వర్‌లో నడిచే ప్రోగ్రాములకు కీలు ఇవ్వడం మాని రోల్ (తాత్కాలిక అనుమతులిచ్చే పాత్ర) ఇవ్వడం నేర్చుకుంటే ఈ చిక్కు మళ్లీ రాదు.

కావాలని పాడుచేయడం సాధనలో భాగమేనా?

సాధనలో ముఖ్యమైన భాగమే అది. వ్యవస్థ సక్రమంగా నడుస్తున్నప్పుడు దాని లోపలి సంబంధాలు కనబడవు. ఒక్కొక్కటిగా తెంచుతూ పోతే, ఏది తెగితే ఏది ఆగుతుందో తెలుస్తుంది. డీఎన్ఎస్ సర్వర్ చిరునామాను తప్పుగా మార్చండి. వెబ్ సర్వర్ రోల్ నుంచి స్టోరేజ్ చదివే అనుమతి ఒక్కటి తీసేయండి. గడువు తీరిన సర్టిఫికెట్ పెట్టి చూడండి. మెమరీ మొత్తం తినేసే చిన్న ప్రోగ్రాము నడిపి, కెర్నల్ ఏ ప్రాసెస్‌ను బలి ఇచ్చిందో లాగ్‌లో వెతకండి.

డిస్కు నిండిపోయే సాధన గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగంలో ఇది తప్పకుండా ఎదురవుతుంది. లాగ్ రాసే ఒక ప్రోగ్రామును నడిపి, ఆ లాగ్ కొన్ని గిగాబైట్లు అయ్యేదాకా పెంచండి. తర్వాత ప్రోగ్రామును ఆపకుండానే ఆ లాగ్ ఫైలును తొలగించండి. ఇప్పుడు ‘డీఎఫ్’ కమాండు అడిగితే డిస్కు ఇంకా నిండే ఉందంటుంది. ‘డీయూ’ కమాండుతో డైరెక్టరీలన్నీ కూడితే అంత లెక్క రాదు. మొదటిసారి చూసినవారు తల పట్టుకుంటారు. కారణమేమిటంటే, లైనక్స్‌లో ఫైలును తొలగించడమంటే డైరెక్టరీలోంచి దాని పేరు తీసేయడం మాత్రమే. ఏదైనా ప్రాసెస్ దాన్ని తెరిచి ఉంచినంతకాలం చోటు ఖాళీ కాదు. ‘ఎల్ఎస్ఓఎఫ్’ కమాండు ఇచ్చే జాబితాలో ఆ ఫైలు పక్కన ‘డిలీటెడ్’ అని కనిపిస్తుంది, ఆ ప్రాసెస్‌ను మళ్లీ ప్రారంభించగానే చోటు తిరిగివస్తుంది. ఇంకొక రకం కూడా ఉంది. చోటు ఉంటుంది గాని ఐనోడ్‌లు (ఒక్కో ఫైలు వివరాలు ఉంచే నమోదులు) అయిపోయి ఉంటాయి. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు సృష్టించి దాన్ని కూడా చూడండి.

పాడుచేయడం మీ సొంత సాధన ఖాతాకే పరిమితం కావాలి. ఇతరులు వాడే ఏ వ్యవస్థ మీదా, సదుద్దేశంతోనైనా సరే, అనుమతి లేకుండా ఇది చేయకూడదు.

బ్యాకప్ తీస్తున్నాను. అంతటితో నిశ్చింతేనా?

బ్యాకప్ నుంచి వ్యవస్థను ఒక్కసారైనా తిరిగి నిలబెట్టి చూడకపోతే మీ దగ్గర ఉన్నది బ్యాకప్ అవునో కాదో తెలియదు. ఇందుకు కోడ్ భద్రపరిచే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థ స్వయంగా బయటపెట్టిన అనుభవం చదవదగినది. 2017 జనవరి 31న అక్కడి ఇంజినీర్ ఒకరు రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని ప్రధాన సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తొలగించారు. సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర గిగాబైట్లే. బ్యాకప్‌ల కోసం వెళ్తే రోజూ తీస్తున్నామనుకున్నవి అక్కడ లేవు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వెర్షన్ సరిపోలక ఆ పని ప్రతిసారీ విఫలమవుతోంది, విఫలమైందని చెప్పే మెయిల్స్ కూడా చేరడం లేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరకడంతో మిగతాది నిలబడింది.

దీని నుంచి మీ సాధనకు రెండు పనులు తీసుకోండి. నెలకు ఒకసారి డేటాబేస్‌ను పూర్తిగా తొలగించి, బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. రెండోది, బ్యాకప్ పనిని మీరే విఫలం చేసి, ఆ కబురు మీకు చేరుతోందో లేదో చూడండి.

ఇలాంటి నివేదికలు ఇంకా ఉన్నాయి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 అనే ఫైళ్ల నిల్వ సేవ కొన్ని గంటలు ఆగిపోయింది. కొద్ది సర్వర్లను తప్పించడానికి ఇచ్చిన కమాండులో ఒక విలువ తప్పుగా పడి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. సేవల పరిస్థితిని చూపించే పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉండడంతో దాన్ని కూడా కొంతసేపు సరిగా మార్చలేకపోయారు. ఆ తర్వాత వారు సాధనాన్నే మార్చారు. సర్వర్లను నెమ్మదిగా మాత్రమే తీసేలా, కనీస సంఖ్యకంటే తగ్గకుండా అడ్డుపడేలా చేశారు. ఈ చివరి సంగతిని నేను అన్నిటికంటే విలువైనదిగా చూస్తాను, ఎందుకంటే వారు తప్పు చేసిన మనిషిని పట్టుకుని ఆగకుండా, ఆ తప్పు అంత నష్టం చేయగలిగేలా చేసిన ఏర్పాటును సరిదిద్దారు.

పర్యవేక్షణను ఎప్పుడు చేర్చాలి?

మొదటి సర్వర్‌తో పాటే. కొలతలు సేకరించే ప్రోమీథియస్, వాటిని గ్రాఫులుగా చూపే గ్రఫానా ఉచితంగానే దొరుకుతాయి, లేదా మీ క్లౌడ్ ఇచ్చే సాధనమే వాడవచ్చు. వంద గ్రాఫులు పెట్టడం కంటే, వాడుకరికి పేజీ వస్తోందా, ఎంతసేపట్లో వస్తోంది అన్న రెండింటిని కనిపెట్టి ఉండడం మేలు. 99.9 శాతం లభ్యత అంటే ఏడాదికి సుమారు 8 గంటల 46 నిమిషాల అంతరాయం, 99.99 శాతం అంటే దాదాపు 53 నిమిషాలే. మీ సాధన సర్వర్ ఈ నెలలో ఎన్ని నిమిషాలు ఆగిందో లెక్కవేస్తే ఆ తొమ్మిదుల బరువు తెలుస్తుంది.

కుబెర్నెటిస్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

లైనక్స్, నెట్‌వర్కు, కంటైనర్లు చేతికి వచ్చిన తర్వాతే. 2014లో గూగుల్ దీన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. ఇందులో ప్రతి భాగమూ మీకు తెలిసిన పాత భావనల మీదే నిలబడి ఉంటుంది, ఆ పునాది లేనివారికి మాత్రం అంతా మంత్రాల్లా వినిపిస్తుంది. ‘క్రాష్‌లూప్ బ్యాకాఫ్’ అని కనిపిస్తే కంటైనర్ మొదలై పడిపోతోందని, మళ్లీ లేపే ముందు కుబెర్నెటిస్ 10, 20, 40 సెకన్లు, అలా ఐదు నిమిషాల వరకు విరామం పెంచుకుంటూ పోతోందని అర్థం. ఎగ్జిట్ కోడ్ 137 వస్తే అది 128కి 9 కలిపిన సంఖ్య. తొమ్మిదో సిగ్నల్‌తో ప్రాసెస్‌ను బలవంతంగా చంపేశారన్నమాట, చాలావరకు మెమరీ పరిమితి దాటినందుకే. సిగ్నళ్ల గురించి లైనక్స్‌లో ముందే నేర్చుకున్నవారికి ఇది వెంటనే తడుతుంది.

సర్టిఫికెట్ పరీక్షలు అవసరమా?

చదువుకు ఒక క్రమం ఇస్తాయి కనుక ఉపయోగమే, కానీ వాటి చుట్టూ చదువును కట్టుకోకండి. బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్షలను బట్టీతో కూడా గట్టెక్కవచ్చు. కుబెర్నెటిస్ నిర్వాహకుల సీకేఏ పరీక్ష వేరు. రెండు గంటల పాటు నిజమైన టెర్మినల్ ముందు పనులు చేసి చూపించాలి, అందుకే నాకు దాని మీద గౌరవం ఎక్కువ.

ఏఐ సహాయకుణ్ణి అడిగి పని పూర్తిచేయడం తప్పా?

తప్పు కాదు. అయితే అది ఇచ్చిన సమాధానాన్ని ఊహగా తీసుకోండి, ఆదేశంగా తీసుకోకండి. అనుమతుల పాలసీ రాయమంటే ‘అన్ని చర్యలూ, అన్ని వనరులూ’ అనే అర్థంలో నక్షత్రం గుర్తు పెట్టి ఇచ్చే సందర్భాలు ఉంటాయి. అది పనిచేస్తుంది, తప్పు కనబడదు, తలుపులు మాత్రం బార్లా తెరిచి ఉంటాయి. ఆ నక్షత్రాన్ని తీసేసి, అవసరమైన ఒక్కొక్క అనుమతినే చేరుస్తూ, ఎక్కడ ఆగిందో చూస్తూ వెళ్లండి. ఇచ్చిన కోడ్‌లో ఏ వరుస ఏమి చేస్తుందో మీ మాటల్లో చెప్పలేకపోతే దాన్ని నడపకండి.

ఒంటరిగా నేర్చుకుంటున్నాను. నా తప్పులు నాకు ఎలా తెలుస్తాయి?

మీలాగే నేర్చుకుంటున్న ఒకరిని జత చేసుకోండి. మీ సాధన వ్యవస్థలో ఆ స్నేహితుడో స్నేహితురాలో మీకు చెప్పకుండా ఒక్క మార్పు చేయాలి, మీరు 45 నిమిషాల్లో దాన్ని కనిపెట్టాలి, మరుసటి వారం వంతు మారాలి. మనం పాడుచేసినదాన్ని మనమే వెతకడం కంటే ఇది ఎంతో కష్టం, ఉద్యోగంలో ఎదురయ్యేదానికి ఎంతో దగ్గర.

జత దొరకకపోతే నోటుపుస్తకమే జత. ప్రతి సమస్యకూ అది కనిపించిన సమయం, మొదటి లక్షణం, మీరు అనుమానించినవి వరుసగా, చివరికి తేలిన కారణం రాసుకోండి. తప్పిన ఊహలను కొట్టివేయకుండా అలాగే ఉంచండి. మూడు నెలల తర్వాత ఆ పేజీలు తిరగేస్తే, సమస్య రూట్ టేబుల్‌లో ఉన్నప్పుడల్లా మీరు ముందుగా సర్వర్‌నే అనుమానించారనో, అనుమతుల చిక్కులన్నిటినీ నెట్‌వర్కు చిక్కులుగా పొరబడ్డారనో కనిపిస్తుంది. తర్వాతి నెల సాధనను దాని మీదే పెట్టుకోండి.